కూర్చోడానికి చోటేదండీ?

పోయిన ఏడాది మెయిన్ రోడ్డులో నేను పదకొండు జాకెట్టు ముక్కలు కొన్నాను. కుట్టించుకున్నవి రెండే. మిగతా తొమ్మిదీ బీరువాలో ఉన్నాయి, ఎవరింటికైనా పేరంటానికి వెళ్తే పనికొస్తాయి. ఈ పిచ్చి ఏమిటమ్మా అని మా అమ్మాయి అడిగింది. పిచ్చి కాదే, అద్దె అన్నాను. రాజమండ్రి మెయిన్ రోడ్డులో 69 ఏళ్ల మనిషి పది నిమిషాలు కూర్చోవాలంటే ఏదో ఒక కొట్లోకి వెళ్లి ఏదో ఒకటి కొనాలి. జాకెట్టు ముక్కల కొట్లో స్టూలు వేస్తారు, ఫ్యాను తిరుగుతుంది, రంగు కలవలేదని వంక పెడితే పావుగంట గడిచిపోతుంది. బంగారం కొట్లో అయితే సోఫా, ఏసీ, చల్లటి మంచినీళ్లు. కానీ ఆ అద్దె నేను కట్టలేను.

మాది దానవాయిపేట. హైస్కూల్లో 31 ఏళ్లు పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. వారానికి ఒక్కసారైనా ఆటోలో కోటగుమ్మం దాకా వెళ్లి, అక్కణ్ణించి మెయిన్ రోడ్డు పట్టుకుని నడవడం నాకు అలవాటు. కోటగుమ్మం, కందకం రోడ్డు, నల్లమందు సందు. ఇప్పుడు కోటా లేదు, కందకమూ లేదు, నల్లమందు అమ్మేవాళ్లూ లేరు, పేర్లు మాత్రం నిలబడ్డాయి. ఒకప్పుడు ఆ దారిలో నాలుగడుగులకో తెలిసిన మొహం కనిపించేది. ఇప్పుడు నా ఈడువాళ్లు కనపడటమే తక్కువైపోయింది. ఎందుకు రావట్లేదండీ అంటే అందరిదీ ఒకటే మాట, మోకాళ్లు. డాక్టర్లూ అదే అంటారు, పిల్లలూ అదే అంటారు, ఆఖరికి మేమూ అదే అనుకుంటున్నాం. నేరం మోకాళ్ల మీద తోసేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు కదా. నేనిక్కడ మోకాళ్ల తరఫు వకీలుని.

ముందు ఒక లెక్క చూడండి. 2021 నాటికి మన ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవాళ్లు 12.4 శాతం అని కేంద్ర గణాంక శాఖ అంచనా కట్టింది. అంటే ఎనిమిది మందిలో ఒకరు. ఒక సాయంత్రం మెయిన్ రోడ్డులో ఎక్కడైనా నిలబడి లెక్కపెట్టండి, వందమంది వెళ్తుంటే పన్నెండుగురు ముసలివాళ్లు కనపడాలి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఒకసారి నలుగురు, ఇంకోసారి ముగ్గురు, అందులో నేనొకదాన్ని. దీన్ని సర్వే అనను. మిగతావాళ్లు ఎక్కడున్నారని అడగడానికి మాత్రం అది చాలు.

మెయిన్ రోడ్డనే కాదు, మన ఊళ్లలో ఏ పాత బజారు చూసినా నడిచేవాడికి దక్కేది మురుగుకాలవ మీద పలకలే. ఒక పలక ఎత్తు, ఒకటి పల్లం, ఒకటి అడుగేస్తే టకటకమని ఊగుతుంది, ఒకటి అసలు ఉండదు. దానికితోడు ప్రతి కొట్టువాడూ తన బండి ఎక్కడానికి సిమెంటుతో ఒక ఏటవాలు పోయించుకుంటాడు. ఒకరిది నున్నగా, ఇంకొకరిది గరుగ్గా, మూడోవారిది టైల్స్. వాన పడితే టైల్స్ మీద కాలు పెట్టడానికి ధైర్యం కావాలి. పాతిక కొట్లు దాటితే ఒక చిన్న కొండ ఎక్కి దిగినంత పని. కుర్రవాళ్లు పలకలు వదిలేసి రోడ్డు మీదే నడిచేస్తారు. మేమూ అదే చేస్తాం, కాకపోతే వెనక నుంచి వచ్చే బండి మాకు వినపడదు. ఈ మధ్య వచ్చిన కరెంటు స్కూటర్లయితే వినికిడి బాగా ఉన్నవాళ్లకే వినపడవు.

కొట్టు మెట్ల సంగతి వేరే చెప్పాలి. అంతంత ఎత్తు మెట్లు ఎందుకు కట్టారని చాలాకాలం కొట్టువాళ్లని తిట్టుకున్నాను. తప్పు వాళ్లది కాదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర గీకకుండా దాని మీదే కొత్త తారు పోస్తారు. అలా నాలుగుసార్లు వేసేసరికి రోడ్డు ఎత్తు పెరుగుతుంది, వాననీళ్లు కొట్లోకి వస్తాయి. కొట్టువాడు గచ్చు పెంచుకుంటాడు. తర్వాత మళ్లీ రోడ్డేస్తారు. ఇది రోడ్డుకీ గచ్చుకీ మధ్య పందెం, నడుం విరిగేది మెట్టెక్కేవాళ్లకి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 2012 నాటి మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ గట్టు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, నడిచేందుకు అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. 150 మిల్లీమీటర్లంటే ఆరంగుళాలు. నేను స్కేలు పట్టుకెళ్లి కొలిచిన ఒక మెట్టు పదకొండున్నర అంగుళాలు ఉంది. కొలుస్తుంటే ఆ కొట్టాయన "ఏం టీచరుగారూ, కొట్టు కొనేద్దామనా?" అని నవ్వాడు. పాపం మంచివాడే. మెట్టెక్కేటప్పుడు చెయ్యి కూడా అందించాడు. ఆ చెయ్యి అక్కర్లేకుండా ఎక్కగలగాలన్నదే నా గోల.

రోడ్డు దాటడం గురించి అందరూ రాస్తారు కాబట్టి ఎక్కువ చెప్పను, కానీ ఫిజిక్సు టీచర్ని కదా, ఒక్క ప్రయోగం చెబుతాను. మా అపార్టుమెంటు వరండా టేపుతో కొలిస్తే సరిగ్గా 12 మీటర్లు. సిగ్నళ్లు లెక్కగట్టేటప్పుడు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని అనుకోవడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. ఆ లెక్కన మా వరండా పది సెకన్లలో దాటాలి. మా మనవడు ఎనిమిది సెకన్లలో దాటాడు, పైగా సెల్లు చూసుకుంటూ. నాకు 13 పట్టింది. పక్కింటి దొడ్డమ్మగారికి, ఆవిడకి 76, పదిహేడు. ఆవిడ వేగం సెకనుకి 0.7 మీటర్లు. ఇది మా వరండా సంగతే కాదు. ఇంగ్లండులో 65 దాటినవాళ్ల నడకని కొలిచి 2012లో ప్రకటించిన అధ్యయనంలో సగటు వేగం మగవాళ్లకి 0.9, ఆడవాళ్లకి 0.8 మీటర్లే వచ్చింది. అంత చక్కటి రోడ్లున్న దేశంలోనే నూటికి 76 మంది మగవాళ్లూ 85 మంది ఆడవాళ్లూ పచ్చదీపం అడిగే వేగాన్ని అందుకోలేకపోయారు.

సింగపూర్‌లో దీనికి ఒక ఉపాయం ఉంది. మా చెల్లెలి కొడుకు అక్కడే ఉద్యోగం చేస్తాడు, వెళ్లినప్పుడు చూపించాడు. పెద్దవాళ్లకి ఇచ్చే కార్డుని సిగ్నలు స్తంభానికి ఆనిస్తే పచ్చదీపం రోడ్డు వెడల్పుని బట్టి 3 నుంచి 13 సెకన్ల దాకా ఎక్కువసేపు వెలుగుతుంది. 2009 నుంచి పెట్టారు. పది సెకన్లు ఎక్కువిస్తే ఆ ఊరి వ్యాపారాలేమీ మూతపడలేదు. మన దగ్గర సంగతంటారా, కార్డు ఆనించడానికి ముందు ఆగే అలవాటున్న బండివాడు కావాలి. 2023లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లలో 35 వేలమందికి పైగా నడిచి వెళ్తున్నవాళ్లే. ప్రతి అయిదుగురిలో ఒకరు. నేను చెయ్యెత్తి దాటుతాను. సెంటర్లో ట్రాఫిక్కు కుర్రాడు నన్ను చూస్తే ఈల వేసి ఆపుతాడు, అతను లేని రోజున ఎవరైనా దాటేదాకా కాచుకుని వాళ్ల పక్కన నక్కుతాను.

ఇక ఎవరూ రాయని సంగతి. నాకు బీపీ ఉంది, పొద్దున్న వేసుకునే మాత్ర ఒంట్లో నీరు లాగేసే రకం. అది వేసుకుంటే రెండు మూడు గంటల్లో రెండుసార్లు లేవాలి. అందుకని ఊళ్లోకి వెళ్లే రోజున ఆ మాత్ర మధ్యాహ్నానికి వాయిదా వేస్తాను. అంతకుముందు గంట నుంచీ మంచినీళ్లు ముట్టను. డాక్టరుగారికి ఇది చెప్పలేదు. ఆడవాళ్లు చెప్పుకోరు గానీ, బజారుకి వచ్చే నా వయసువాళ్లలో సగంమంది పద్ధతి ఇదేనని నా నమ్మకం. రోహిణి కార్తెలో నీళ్లు తాగకుండా గంటన్నర ఎండలో నడిస్తే కళ్లు తిరగవా? తిరుగుతాయి. పడిపోతారు. తుంటి ఎముక విరుగుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి "ఈ వయసులో బజారు తిరుగుళ్లెందుకు" అంటారు. పడిపోయింది వయసు వల్ల కాదు, కాలకృత్యాలకి ఒక శుభ్రమైన చోటు లేకపోవడం వల్ల అని ఏ డిశ్చార్జి కాగితంలోనూ రాయరు.

నేనూ ఒకసారి పడ్డాను, వేరే ఊళ్లో, పెళ్లి బట్టలకి వెళ్లినప్పుడు. ఎముకలు విరగలేదు, మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ ఆ రోజు నుంచి మా అమ్మాయి పద్ధతి మారిపోయింది. "నీకేం కావాలో చెప్పమ్మా, ఫోన్‌లో తెప్పిస్తాను." ఏం కావాలో చెప్పలేకపోయాను. అగరొత్తులు కావాలంటే పావుగంటలో గుమ్మంలో ఉంటాయి. నాకు కావలసింది అగరొత్తులు కాదు. ముప్పై ఏళ్ల క్రితం తొమ్మిదో తరగతిలో నా చేత చీవాట్లు తిన్న కుర్రాడు ఇప్పుడు పొట్ట పెంచుకుని గల్లా పెట్టె ముందు కూర్చుని "నమస్కారమండీ, ఓమ్స్ లా ఇంకా గుర్తుందండీ" అని అబద్ధమాడటం కావాలి. పూలమ్మే ఆవిడ ధర చెప్పే ముందు "ఇన్నాళ్లూ రాలేదేంటి మామ్మగారూ" అని అడగడం కావాలి. పిల్లలు ప్రేమతోనే కట్టేస్తారు, ప్రేమతో కట్టిన కట్టు విప్పుకోవడం కష్టం.

సరే, అసలు విషయం. నడవడం మాకు కష్టమే, కానీ అది రెండో కష్టం. మొదటిది ఆగడం. మా దొడ్డమ్మగారికి నడుము దగ్గర నరం నొక్కుకుపోయింది. నాలుగైదు నిమిషాలు నడిస్తే కాళ్లు లాగేస్తాయి, మొద్దుబారతాయి. కూర్చుని కాస్త ముందుకి వంగితే రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటాయి, మళ్లీ నాలుగైదు నిమిషాలు నడవగలరు. ఈ జబ్బు పెద్దవాళ్లలో మామూలే. నిలబడితే మాత్రం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు ఆలోచించండి. రెండొందల మీటర్లకొక బల్ల ఉంటే ఆవిడ మెయిన్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెళ్లగలరు. బల్ల లేకపోతే ఆవిడ ఊరి పొడవు రెండొందల మీటర్లే. మందు మార్చలేదు, మోకాలు మార్చలేదు. ఒక్క బల్లతో ఊరు ఇన్నింతలు పెరుగుతుంది.

ఇంతకీ ఈ బల్లలు మన ఊళ్లకి కొత్తవా? కావు. వాటిని అరుగులు అనేవాళ్లం. పాత ఇళ్లకి వీధి వైపు గుమ్మానికి అటూ ఇటూ అరుగులు, పైన పంచ నీడ. ఎండలో వచ్చినవాడు అరుగు మీద చతికిలబడి, కండువాతో మొహం తుడుచుకుని, లోపలికి కేకేసి చెంబుడు మంచినీళ్లు అడిగి తాగి వెళ్లేవాడు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు మొదట పోయినవి ఇవే. ఇంటి ముందు నాలుగడుగులు రోడ్డులో కలిసిపోయాయి, మిగిలిన ముందు గదికి షట్టరు పెట్టి కొట్టు చేశారు. ఊరికి ఊరే కూర్చునే చోటు మొత్తం ఒక తరంలో పోగొట్టుకుంది. అది పోయిందని ఎవరూ పేపర్లో రాయలేదు, ఎందుకంటే అది ఏ రికార్డులోనూ లేదు. ఇప్పుడు కొన్ని కొట్ల ముందు గట్టు మీద ఎవరూ కూర్చోకుండా ఇనప మేకులు కూడా పాతుతున్నారు. పావురాల కోసమేమో అనుకున్నాను మొదట.

అయితే అరుగుల రోజులు బంగారు రోజులని నేననను. మా నాయనమ్మ బతికినన్నాళ్లూ వీధి అరుగు మీద కూర్చోగా నేను చూడలేదు. అరుగు మగవాళ్లది. ఆవిడ తలుపు చాటున, గుమ్మం లోపల. ఎవరి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో కులాన్ని బట్టి ఉండేది. కొందరు ఎండలో ఎంత సొమ్మసిల్లినా దూరంగా చెట్టు కిందే నిలబడాలి. చెంబుడు నీళ్లు కూడా వాళ్లకి దోసిట్లో పైనుంచి పోసేవాళ్లు. ఇది నేను కళ్లారా చూశాను. కాబట్టి నాకు అరుగు తిరిగి రానక్కర్లేదు. నాకు కావలసింది ఎవరిదీ కాని బల్ల. ఎవరూ "మీరెవరండీ" అని అడగనిది, ఏమీ కొననక్కర్లేనిది.

ఈ మాట ఒక ఆఫీసులో, పేరెందుకు లెండి, అర్జీ రాసి పట్టుకెళ్లాను. అక్కడి ఆయన మర్యాదస్తుడు, కుర్చీ వేయించారు. (ఊళ్లో నాకు ఉచితంగా దొరికిన కుర్చీ అదొక్కటే.) "అమ్మా, బల్లలు వేస్తే తాగుబోతులు పడుకుంటారు, జులాయిలు చేరతారు" అన్నారు. నిజమే, ఒకరిద్దరు పడుకుంటారు. మరి తాగి బండి నడుపుతున్నారని రోడ్లు వెయ్యడం మానేశామా? "మీలాంటివాళ్ల కోసం పార్కుల్లో వాకింగ్ ట్రాక్‌లు వేస్తున్నాం కదమ్మా" అని కూడా అన్నారు. ఈ వాకింగ్ ట్రాక్‌ల ఏర్పాటు నాకు ఎప్పుడూ అర్థం కాదు. బండెక్కి నడకకి వెళ్లి, గుండ్రంగా పది చుట్లు తిరిగి, మళ్లీ బండెక్కి ఇంటికి రావాలి. గానుగెద్దుకి కూడా చివర్లో నూనె దిగుతుంది.

మూడో మాట చాలామంది అనేదే, దానితోనే నాకు అసలు పేచీ. "తోపుడు బళ్లవాళ్లని ఖాళీ చేయిస్తే మీకు ఫుట్‌పాత్ దొరుకుతుంది." మా ఈడువాళ్లే ఎక్కువగా అంటారిది, మా పెన్షనర్ల సంఘంలో తీర్మానం కూడా చేశారు. నేను చెయ్యెత్తలేదు. ఎందుకంటే పక్కా కొట్టు మెట్టు నేను ఎక్కలేను. బండి మీద సరుకు నా నడుము ఎత్తులో ఉంటుంది, వంగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు. బండివాడి గొడుగు నీడ నాకూ పడుతుంది. కళ్లు తిరిగిన రోజున నన్ను కూర్చోబెట్టింది జామకాయల బండి ఆయన, తన స్టూలు మీద. అతను ఆ తర్వాత గంటసేపు నిలబడే అమ్మాడు. వాళ్లూ ఒక రకంగా మా అరుగులే. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రతి ఊళ్లో ఒక కమిటీ వేసి వాళ్లకి చోటు చూపించాలని చెప్పింది, ఆ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలంది. మంచిదే. ఆ కమిటీ గీత గీసేటప్పుడు బండికీ బండికీ మధ్య ఒక బల్ల పట్టేంత చోటు కూడా గీస్తే ఇద్దరికీ సరిపోతుంది. ఫుట్‌పాత్‌ని తినేసేది బళ్లకంటే ఎక్కువగా నిలిపేసిన మోటారు సైకిళ్లు. వాటి మీద తీర్మానం చెయ్యరు, ఎందుకంటే అవి మన పిల్లలవి.

చూసి చెబుతున్నాను, ఊహించి కాదు. మా అమ్మాయి చెన్నైలో ఉంటుంది, తెలుగు వాడైన త్యాగరాయ చెట్టిగారి పేరు మీద వెలిసిన టీనగర్‌కి దగ్గర్లోనే. అక్కడి పాండీ బజారు రోడ్డుని 2019 నవంబరులో నడిచేవాళ్లకి అనుకూలంగా మార్చారు. కార్ల చోటు తగ్గించి ఫుట్‌పాత్ వెడల్పు చేసి, రాతి బల్లలు వేశారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఒక బల్ల మీద అరగంట కూర్చున్నాను, ఏమీ కొనలేదు. పక్కన ఒక తమిళ మామీ కూర్చున్నారు, ఆవిడకి తెలుగు రాదు, నాకు తమిళం అంతంతమాత్రం. మోకాళ్లు చూపించుకుని ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడా లోపాలున్నాయి, బళ్లు ఎక్కేస్తాయి, టైల్స్ లేచిపోతాయి. అయినా నా వయసువాళ్లని నేను ఒక బజారులో అంతమందిని ఒకేచోట చూడటం చాలా ఏళ్ల తర్వాత అదే.

2025 మేలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ వార్త కత్తిరించి దాచుకున్నాను. కోర్టువారు నడవడం గురించి చెప్పారు, కూర్చోవడం గురించి ఎవరూ దావా వేసినట్టు లేదు.

ఇప్పుడే ఎందుకు ఇంత గట్టిగా అడుగుతున్నానంటే, 2027లో గోదావరి పుష్కరాలు. పన్నెండేళ్లకోసారి మా ఊరి రోడ్లకి యోగం పడుతుంది. 2015 పుష్కరాల మొదటి రోజున పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. ఆ తర్వాత ఎక్కడ చూసినా రద్దీ, బారికేడ్లు, వెడల్పు అనే మాటలే. వెడల్పు కావాలి, కాదనను. కానీ పుష్కరాలకి వచ్చేదెవరండీ? కొడుకు చెయ్యి పట్టుకుని, పితృదేవతలకి పిండం పెట్టుకోవడానికి, ఇదే ఆఖరి పుష్కరం అనుకుంటూ వచ్చే ముసలివాళ్లు. బస్సు దిగి రేవు దాకా నడిచేది వాళ్లే. ఈ ఊరు వాళ్లని కూర్చోబెట్టగలిగితే మమ్మల్నీ కూర్చోబెట్టినట్టే. పన్నెండు రోజులకి వేసే షామియానా కుర్చీలు కాదు, పదమూడో రోజున కూడా ఉండే రాతి బల్లలు.

అర్జీకి జవాబు రాలేదు. పన్నెండో జాకెట్టు ముక్క కొనే బదులు ఒక ప్లాస్టిక్ స్టూలు కొన్నాను, గట్టిది. పూలమ్మే ఆవిడకి ఇచ్చి, "ఇది నీ దగ్గరే ఉంచు, నేనొచ్చినప్పుడు కూర్చుంటాను, మిగతా రోజుల్లో నువ్వు కూర్చో" అన్నాను. "అలాగేనండి మామ్మగారూ" అంది. రెండు వారాలు బాగానే కూర్చున్నాను. మూడో వారం వెళ్లేసరికి స్టూలు మీద ఎవరో పెద్దావిడ, నాకంటే నాలుగైదేళ్లు పెద్దదే ఉంటుంది, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నారు. పూలావిడ నా వంక చూసి మొహమాటంగా లేవమని చెప్పబోయింది. వద్దని సైగ చేశాను. మూర మల్లెపూలు కట్టించుకుని, ఆ కట్టడం కాస్త నెమ్మదిగా కట్టమని చెప్పి, గొడుగు నీడలో నిలబడ్డాను.